వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో లేచి సాక్ష్యం చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. జ్వరం తగ్గిందని, ఉద్యోగం దొరికిందని, ఇంటాయన తాగుడు మానాడని. ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని మళ్లీ లేచి తప్పని చెప్పింది మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. అందులో గొప్పేమీ లేదు. కానీ ఆ సంగతి చెప్పాలంటే నా జబ్బు గురించి చెప్పాలి, ఆ గోళీల గురించి చెప్పాలి, మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఈ మూడింటిలో నాకు ఇష్టమైనది అత్తమ్మే కాబట్టి ఆమెతో మొదలుపెడతాను.

అత్తమ్మ ఇల్లెందు బొగ్గుబావుల కాలనీలో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి. మామయ్య అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి, రిటైరు కాకముందే గుండెపోటుతో పోయారు. ఆ ఉద్యోగం మా ఆయనకు వచ్చింది. నేను కారేపల్లిలో టీచర్ని. మేమంతా హాయిగా ఇల్లెందు క్వార్టర్లోనే ఉండొచ్చు. కానీ నా జబ్బు సంగతి తెలిశాక, ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఇల్లు కిరాయికి తీసుకుందామన్నది ఆమే. "దవాఖానా దగ్గరుంటె మనసుకు నిమ్మళం" అన్నది. కొడుకును క్వార్టర్లో వదిలి, ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగును వదిలి, కోడలి వెంట వచ్చేసింది. మా ఆయన ఆదివారాలు వచ్చేవాడు. అప్పట్లో ఇదంతా నాకు ప్రేమలా కనబడలేదు. నా మీద కాపలా అనుకున్నాను.

జబ్బు నాకు మొదట భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో పనిచేస్తున్నప్పుడు వచ్చింది. అది నా మొదటి పోస్టింగు. ఆ ఏడు రెండు నెలలు మంచం దిగలేకపోయాను. ఏడుపు కూడా రాదు. పళ్లు తోముకోవడం కొండెక్కినంత పని. హాస్టల్లో వంట చేసే కోయామె రోజూ గ్లాసెడు రాగి జావ తెచ్చి, నేను తాగేదాకా గడప మీద కూర్చునేది. ఆమె మాట నాకు సగమే తెలిసేది. అయినా ఆమె రావడం మానలేదు. మరుసటి ఏడు అంతా తలకిందులైంది. నిద్ర అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, నోరు మూతపడదు. హెడ్మాస్టరు మొదలు కండక్టరు దాకా అందరికీ సలహాలు ఇచ్చాను. అడగకుండానే.

పెళ్లయ్యాక ఈ రెండూ చూసిన అత్తమ్మ వాటికి తన పేర్లు తాను పెట్టుకుంది. ఒకటి పొంగు, ఒకటి కుంగు. "బిడ్డకు పొంగొచ్చేటట్టున్నది" అని మా ఆయనకు ఫోను చేసేది, పొయ్యి మీద పాల గురించి చెప్పినంత మామూలుగా. ఖమ్మంలో మానసిక వైద్యుడు వాడిన ఇంగ్లీషు మాట కంటే ఆ రెండు మాటలే నాకు బాగా అర్థమయ్యాయి.

ఆ డాక్టరు లిథియం గోళీలు రాశాడు. కొన్నాళ్లకోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. గోళీలు అత్తమ్మ చేతిలో ఉండేవి. మా ఇళ్లలో ఒక అలవాటుంది. అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. డబ్బా నిండితే అది గుడికి, అంటే మా చర్చికి, పోతుంది. అత్తమ్మ నా గోళీల షీటును ఆ పిడికెడు బియ్యం డబ్బా మీద పెట్టింది. పొద్దున బియ్యానికి చెయ్యి పెడితే గోళీ చేతికి తగలాల్సిందే. ఎసరు కాగేలోపు నా నోట్లో గోళీ పడేది, వెనకే చెంబెడు నీళ్లు. ఇట్లా రెండేళ్లు. ఆ రెండేళ్లూ పొంగూ లేదు, కుంగూ లేదు.

మరి సంతోషించాను అనుకుంటున్నారా? సణిగాను. గోళీల వల్ల చెయ్యి వణికేది. బోర్డు మీద నా అక్షరాలు ఒకప్పుడు చూడముచ్చటగా ఉండేవి. ఇప్పుడు 'క' రాస్తే అది చలికి వణుకుతున్నట్టు కనబడేది. వెనక బెంచీ పిల్లలు నవ్వేవాళ్లు. ఎప్పుడూ దాహం. ఒళ్లు పెరిగింది. పైగా నేను నేను కాదేమోనన్న అనుమానం. అందరూ మెచ్చుకున్న ఆ చురుకైన టీచరు ఏమైపోయింది? ఆమెను ఈ తెల్ల గోళీ మింగేసిందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అప్పుడు మా వీధిలోకి పెనుబల్లి నుంచి ఒకామె బదిలీ మీద వచ్చింది. ఆమె కూడా టీచరే. కారేపల్లి దాకా ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి పోషకాహార డబ్బాలు అమ్మడం ఖమ్మంలో జోరుగా సాగేది. ఒకరు చేరితే ఇంకొకరిని చేర్పించాలి. ఆమె సంచీలో చేపనూనె గొట్టం మాత్రలు, ఆకుపచ్చటి నాచు బిళ్లలు, విటమిన్లు, పాలల్లో కలుపుకునే పొడి ఉండేవి. అమ్మేవాళ్ల తీపి మాటలు ఆమె దగ్గర లేవు. ఆమె మోకాళ్ల నొప్పులు నిజంగానే తగ్గాయి, అందుకని చెప్పేది. నా సంగతి విని జాలిపడింది.

"మెదడుకు కావాల్సినవి మన తిండిలో ఉండట్లేదు మేడమ్. అవి అందితే మనసు దానంతటదే కుదుటపడుతుందంట. అంతా ప్రకృతిదే, కెమికల్ కాదు" అంది.

కెమికల్ కాదు. ఆ ఒక్క మాట నాకు చాలు. తెల్ల గోళీ కెమికల్, బంగారు రంగు గొట్టం ప్రకృతి. లిథియం మానెయ్యమని ఆమె అనలేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది ఆమెనే తిట్టారు. ఆమె దగ్గర డబ్బాలన్నీ కొని, లిథియం మానెయ్యాలని నిర్ణయించింది నేను. "ఇగ నుంచి నా గోళీలు నేనే చూస్కుంట అత్తమ్మా, చిన్నపిల్లనా" అని షీట్లన్నీ తీసుకున్నాను. ఇంటి వెనక మోరీ నీళ్లలో పడేశాను. ఆ చప్పుడు కూడా నాకు ఇంపుగా వినబడింది.

రెండు వారాల్లో చెయ్యి వణుకు పోయింది. 'క' మళ్లీ నిటారుగా నిలబడింది. దాహం తగ్గింది. తెల్లవారకముందే లేచి ఇల్లంతా కడిగేదాన్ని, పాటలు పాడేదాన్ని. బళ్లో పిల్లలు నా క్లాసు కోసం ఎదురుచూశారు. చూశారా, చేపనూనె పనిచేసింది! అట్లా అనుకోనివాళ్లు ఎవరుంటారు? నాకు నిజంగా బాగుంది. అబద్ధం ఆడుతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇప్పటికీ నాకు భయమేసేది అదే.

ఆ ఊపులోనే ఒక ఆదివారం గుడిలో లేచాను. "దేవుడు నాకు స్వస్థత ఇచ్చాడు. రెండేళ్లు ఒక గోళీకి బానిసనై బతికాను. ప్రకృతిలో దేవుడు పెట్టిన మందు నాకు దొరికింది. నమ్మి గోళీలు పారేశాను. ఈ రోజు మీ ముందు నవ్వుతూ నిలబడ్డాను" అని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను, నిజానికి ఆపలేదు. మాటలు వాటంతటవే వరుసకట్టి వచ్చాయి. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు, స్తోత్రాలు. గోళీలు పారేసిన సంగతి అత్తమ్మ అందరితో పాటు అక్కడే, చాప మీద కూర్చుని విన్నది. ఆమె చప్పట్లు కొట్టలేదు.

ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది. "నిజంగనే పారేసినవా?"

"అవ్, పారేసిన. ఏంది ఇప్పుడు? నేను మంచిగుంటె నీకు కడుపునొప్పా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. మరచిపోదామన్నా మరపు రాదు.

ఆ తర్వాతి పది రోజులు వివరంగా రాయలేను, కొన్ని గుర్తు లేవు, కొన్ని గుర్తున్నందుకే రాయను. ఒక్కటి చెబుతాను. ఒక మధ్యాహ్నం రైలు ప్రయాణం గురించి పాఠం చెబుతూ, పాఠం పుస్తకంలో ఎందుకు, స్టేషన్లోనే చెబుతాననుకుని, ఏడో తరగతిని మొత్తం వరసలో నిలబెట్టి కారేపల్లి స్టేషనుకు నడిపించాను. ఎవరినీ అడగలేదు. పట్టాల పక్కన నిలబెట్టి గొంతు చించుకుని పాఠం చెబుతున్నాను. హెడ్మాస్టరు స్కూటరు మీద రొప్పుతూ వచ్చాడు. పిల్లలను లెక్కపెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పైవాళ్లకు కాగితం రాయొచ్చు, రాయలేదు. మా ఇంటికి ఫోను చేశాడంతే. ఆ పెద్దమనిషి మంచితనం వల్లే నా ఉద్యోగం నిలబడింది.

మా ఆయన డ్యూటీలోంచి నేరుగా వచ్చాడు. అత్తమ్మా ఆయనా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అంతకన్నా సరిగ్గా చెప్పాలంటే, నేను వాళ్లను తిడుతుంటే నన్ను ఆటోలో కూర్చోబెట్టారు. వారం పైన ఆసుపత్రిలో ఉన్నాను. పొంగు దిగాక అత్తమ్మ ఒక సంచీ తెచ్చి డాక్టరు బల్ల మీద బోర్లించింది. డబ్బాలన్నీ దొర్లాయి.

"గివి చూడుండ్రి సారూ. గిట్లాంటివి మింగితె మనసు నిలకడగుంటదా, ఉండదా? మాకు సాఫ్ సీదా చెప్పుండ్రి" అన్నది.

ఆయన విసుక్కుంటాడనుకున్నాను. అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క డబ్బా మీద చిన్న అక్షరాలు చదివాడు. చేపనూనె మీద పరిశోధనలు జరుగుతున్నాయని, దిగులుగా ఉన్న కొందరికి కాస్త సాయం చేయొచ్చంటున్నారని, ఖాయంగా తాను చెప్పలేనని అన్నాడు. నాచు బిళ్లల వల్ల మనసు నిలకడగా ఉంటుందని తానెక్కడా చూడలేదన్నాడు. ఇంకో డబ్బాలో ఏమేం కలిపారో సరిగ్గా రాయలేదని పక్కన పెట్టేశాడు. తర్వాత నా రక్తపరీక్ష కాగితం తీశాడు.

"రక్తం తక్కువ ఉందమ్మా. బీ పన్నెండు విటమిన్ కూడా బాగా తక్కువ. ఇవి తక్కువైతే నీరసం, దిగులు వస్తాయి. వీటికి గోళీలు వాడాల్సిందే, నేనే రాస్తాను."

నేను వెంటనే అందుకున్నాను. "అంటే మా మేడమ్ చెప్పింది నిజమే కదా?"

"కొంత నిజం. లోటున్నది పూడిస్తే ఒంటికి మంచిది, ఒంటితో పాటు మనసుకు కూడా కొంత. కానీ నీ జబ్బు ఆ లోటు వల్ల వచ్చింది కాదు. అవి దీనికి తోడుగా వాడుకో, నన్నడిగి వాడుకో. దీని బదులు మాత్రం కాదు."

నేను మూతి ముడుచుకున్నాను. "ఆ లిథియం కెమికలే కదా సార్" అన్నాను మొండిగా.

ఆయన నవ్వాడు. "అది ఒక రకం ఉప్పమ్మా. రాళ్లలోంచీ, ఉప్పు నీళ్లలోంచీ తీస్తారు. భూమిలోంచి వచ్చిందే."

అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "భూమిలకెళ్లా? తవ్వి తీస్తరా?"

"కొన్ని దేశాల్లో గనుల్లోంచి తవ్వే తీస్తారు."

ఆమె నా వైపు తిరిగింది. "ఇన్నవా బిడ్డా? గిది గూడ బావిలకెళ్లి తీసిందేనట. మీ మామ ఇరవై ఎనిమిదేండ్లు బావిల దిగిండు. తవ్వి తీసిన దాని మీదనే మన ఇంట్ల పొయ్యి మండింది. గిది కెమికలని మోరీల పారేస్తవా?"

డాక్టరు చదువులో ఈ వాదన ఎక్కడా ఉండదు. కానీ నన్ను కదిలించింది అదే. భూమిలోంచి మనిషి కష్టపడి తీసినదాన్ని చిన్నచూపు చూడకూడదన్నది ఆ ఇంటి నీతి. అది నాకు లోపల ఎక్కడో తగిలింది. ఆ రోజు నుంచి నేను గోళీని తిట్టడం మానేశాను. చెయ్యి వణుకు గురించి చెబితే డాక్టరు మోతాదు కొంచెం సర్దాడు. ఐరన్, బీ పన్నెండు గోళీలు కూడా వేసుకున్నాను. మూడు నెలలకు మెట్లెక్కితే ఆయాసం రావడం తగ్గింది, మధ్యాహ్నాల నీరసం పోయింది. అవి నాకు మేలే చేశాయి. వాటి పని అవి చేశాయి.

కథ ఇక్కడితో అయిపోతే నేను సిగ్గుపడి ఊరుకునేదాన్ని. మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఒక సాయంత్రం అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్ను పక్కన కూర్చోమంది.

"నీ తెలివి మంచిగయినంక చెప్దామని ఆపిన. మన సందు చివర్ల ఫిట్సొచ్చే పిల్ల లేదూ, గుడిల మన ఎన్కనే కూసుంటది? నీ సాక్ష్యమిని గోళీలు బంద్ జేసింది."

ఆ పిల్లంటే పెళ్లయి నాలుగేళ్లయిన మనిషి. భర్త ఆటో నడుపుతాడు. ఆమె నన్ను అక్కా అని పిలిచేది. నేను ఆసుపత్రిలో ఉన్న వారంలోనే, నల్లా దగ్గర నీళ్లు పడుతూ ఫిట్స్ వచ్చి సిమెంటు గట్టు మీద పడింది. ముందు పన్ను విరిగింది, గడ్డం చిట్లి కుట్లు పడ్డాయి. పొయ్యి దగ్గరో, రోడ్డు దాటుతూనో అయ్యుంటే? అత్తమ్మ పొద్దున నాకు క్యారియరు ఇచ్చి, మధ్యాహ్నాలు ఆ పిల్ల దగ్గర కూర్చుంది. మళ్లీ గోళీలు మొదలుపెట్టించింది. నాకు ఒక్క మాట పొక్కనివ్వలేదు. ఇద్దరు రోగుల మధ్య ఆ ముసలి ప్రాణం ఎట్లా తిరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

విషయం తెలిసి మా వీధి టీచరు ఏడ్చింది. "నేను మానమని చెప్పలేదు మేడమ్" అంది. "మీరు చెప్పలేదు, నేనే చెప్పాను, మైకులో చెప్పాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నేను చెయ్యాల్సింది ఏమిటో తెలిసిపోయింది. భయం కూడా అప్పుడే మొదలైంది. ఆ పిల్లలాగా ఇంకా ఎంతమంది నా మాట విన్నారో నాకు తెలియదు కదా. ఇంటింటికీ తిరిగి అడగలేను. చెప్పిన చోటే మళ్లీ చెప్పాలి.

పాస్టరయ్య దగ్గరికి వెళ్లాం. ఆయన తల గోక్కున్నాడు. "సాక్ష్యం వాపస్ తీస్కునుడు ఎన్నడు చూడలేదమ్మా. చర్చిల గట్ల చెప్తె విశ్వాసులు ఏమనుకుంటరు? దేవుని పేరు మీద చెప్పిన మాటాయె."

అత్తమ్మే జవాబిచ్చింది. "దేవుని పేరు మీద తప్పు చెప్పినం గదయ్యా. మరి గా పేరు మీదనే దిద్దుకోవద్దా?"

ఆయన "సరే, రాండ్రి" అన్నాడు. అట్లా ఒప్పుకోవడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. మొదటిసారి వరుసకట్టి వచ్చిన మాటలు ఈసారి ఒక్కటీ రాలేదు. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, గోళీ వల్లో భయం వల్లో తెలియదు. "నేను ఇక్కడ చెప్పింది తప్పు" అన్నాను. "నాకు తగ్గలేదు. అప్పుడు నాకు జబ్బు ఎక్కువైంది, దాన్నే నేను స్వస్థత అనుకున్నాను. చేపనూనె చెడ్డది కాదు. విటమిన్లు నేను ఇప్పుడూ వేసుకుంటున్నాను, డాక్టరు రాస్తే. కానీ నా గోళీ నాకు కావాలి. నా మాట విని ఎవరైనా మానేసుంటే దయచేసి మళ్లీ వేసుకోండి. రేపటిదాకా ఆగకండి. నన్ను క్షమించండి." అంతే. చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. పాస్టరయ్య పాట ఎత్తుకున్నాడు. నేను వచ్చి చాప మీద కూలబడ్డాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆరాధన అయ్యేదాకా తీయలేదు.

బయటికొచ్చాక చెప్పులు వెతుక్కుంటుంటే ఒక పెద్దావిడ నా పక్కన నిలబడి, పర్సులోంచి షుగరు గోళీల షీటు తీసింది. నెలన్నర కింద కొన్నది, రెండే వాడి, నా సాక్ష్యం విన్నాక మానేసింది. ఇంకొకామె బీపీ గోళీల సంగతి అడిగింది. ఇద్దరినీ ఆ పూటే వాళ్ల డాక్టర్లను కలవమన్నాను. ఇంకెవరైనా వస్తారేమోనని గేటు దగ్గరే నిలబడ్డాను.

అప్పుడు ఆ ఫిట్స్ పిల్ల వచ్చింది. గడ్డం మీద కుట్ల గీత ఇంకా ఎర్రగా ఉంది. కోపంగా ఏమన్నా అంటే పడదామనే నిలబడ్డాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పన్ను లేని సందు కనబడకుండా నవ్వింది.

"మొదాలు చెప్పిన సాక్ష్యం మస్తు మంచిగ చెప్పినవక్కా" అన్నది. "ఈసారి అంత మంచిగ చెప్పలే. నీ చెయ్యి వణుకుతున్నది, గొంతు వస్తలేదు. నేను ఎన్క కూసోని చూస్తనే ఉన్న. నాకు గూడ గోళీ ఏస్కుంటె గట్లనే వణుకుతది. అందుకే ఈసారి నమ్మిన."